మాడ్యూల్ మార్చే ముందు తీగను కొలవండి

సంపాదకులకు నమస్కారం.

చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వానలు వెలిసిన తరువాత ఏటా మా షెడ్డుకు ఒకే రకమైన ఫిర్యాదుతో కార్లు వస్తుంటాయి. డ్యాష్‌బోర్డు మీద నాలుగైదు హెచ్చరిక దీపాలు ఒక్కసారిగా వెలుగుతాయి, స్పీడోమీటరు ముల్లు లేవదు, స్టీరింగ్ బరువెక్కుతుంది. అప్పటికే యజమాని చేతిలో ఇంకొక వర్క్‌షాపు రాసిచ్చిన పెద్ద ఎస్టిమేటు ఉంటుంది. అందులో మాడ్యూల్, అంటే బండిలోని చిన్న కంప్యూటరు పెట్టె, మార్చాలన్న మాట ఉంటుంది గాని, ఏం కొలిచి ఆ నిర్ణయానికి వచ్చారో చెప్పే అంకె ఒక్కటీ ఉండదు. అంబత్తూరులో ఇరవై ఏళ్లుగా కార్ల వైరింగ్ పని చేస్తున్న తెలుగువాణ్ణి. ఈ సంగతి మీ పాఠకులకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇప్పటి కార్లలో ఇంజనుకు, బ్రేకులకు, స్టీరింగుకు, ఎయిర్‌బ్యాగులకు వేర్వేరు కంట్రోల్ మాడ్యూళ్లు ఉంటాయి. మెలివేసిన రెండు సన్నని తీగల మీదుగా అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1983లో రూపొందించడం మొదలుపెట్టి 1986లో బయటపెట్టిన ఈ పద్ధతిని క్యాన్ అంటారు. చాలా కార్లలో చక్రాల వేగం ఏబీఎస్ మాడ్యూల్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) చెబితేనే స్పీడోమీటరుకూ స్టీరింగుకూ తెలుస్తుంది. అది పలకకపోతే మిగిలిన మాడ్యూళ్లు యూ0121 అనే కోడును తమ మెమరీలో రాసిపెట్టుకుంటాయి. ఇంజన్ మాడ్యూల్ పలకకపోతే యూ0100, గేర్‌బాక్సుది పలకకపోతే యూ0101 వస్తాయి. ఫలానా మాడ్యూల్ మాట తమకు వినబడలేదని మిగిలినవి చేసే ఫిర్యాదు మాత్రమే ఆ కోడు. ఫ్యూజు పోయి కరెంటు అందకపోయినా, ఎర్త్ సరిగా లేకపోయినా, ఆగి ఉన్న బండిలో ఎలుక తీగ కొరికినా, తీగలను మాడ్యూలుకు తగిలించే కప్లరులో నీరు చేరి పిన్నులు పచ్చబడినా, మాడ్యూల్ నిజంగానే చెడిపోయినా, కోడ్లు చదివే స్కానరు తెర మీద కనిపించేది అదే కోడు. దాన్ని చూసి మాడ్యూలుకు ఆర్డరు పెట్టడం తప్పు.

కిందటి వానల తరువాత వేళచ్చేరి నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తన కారు తెచ్చారు. నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన పెద్దమనిషి. ఏబీఎస్ మాడ్యూల్ మార్చాలని, 40 వేలు దాటుతుందని వేరే చోట చెప్పారట. ఇంజను, స్టీరింగు, మీటరు మూడింటిలోనూ యూ0121 ఉంది. తీగల జంట బాగానే ఉందని మొదటి పది నిమిషాల్లోనే తేలింది. ఫ్యూజులూ బాగున్నాయి. ఇక మిగిలింది ఎర్త్. మల్టీమీటరులో ఓములు చూస్తే ఒక ఓము కూడా లేదు, ఎవరైనా బాగుందనే అంటారు. కాని హెడ్‌లైటుకు వాడే 55 వాట్ల బల్బును బ్యాటరీ ప్లస్‌కూ ఆ ఎర్త్ తీగకూ మధ్య కలిపి, అది వెలుగుతుండగా తీగకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య వోల్టేజి చూస్తే దాదాపు 3 వోల్టులు వచ్చాయి. అక్కడ 0.2 వోల్టు దాటకూడదు, అంటే భారం పడితే ఆ ఎర్త్ కరెంటును మోయలేకపోతోందన్న మాట. ముందు చక్రం మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ విప్పి చూస్తే, ఎర్త్ బోల్టు కింద తీగ కొసన ఉండే కళాయి ఉంగరం చుట్టూ తెల్లని పొడి పేరుకుపోయి, తీగలోని పోగులు సగానికి పైగా తెగిపోయి ఉన్నాయి. ఉంగరం మార్చి, బాడీ మీద తుప్పు గీకి, బిగించి వ్యాసలీన్ పూశాను. దీపాలన్నీ ఆరిపోయాయి, ముల్లు లేచింది. మాడ్యూలును కదిలించవలసిన అవసరమే రాలేదు.

తీగల జంటను పరీక్షించడం కూడా కష్టమైన పనేమీ కాదు. స్టీరింగు కింద, స్కానరు తగిలించడానికి ఉండే 16 పిన్నుల ఓబీడీ సాకెట్టులో 6వ, 14వ పిన్నులే ఆ రెండు తీగలు. తీగల రెండు కొసలా 120 ఓముల నిరోధకాలు సమాంతరంగా ఉంటాయి కనుక, బ్యాటరీ విప్పి కొలిస్తే 60 ఓములు రావాలి. 120 వస్తే ఒక కొస తెగినట్టు, సున్నాకు దగ్గరగా వస్తే రెండు తీగలూ ఒకదానికొకటి తగిలినట్టు. అలా తగిలినప్పుడు మాడ్యూళ్ల కప్లర్లు ఒక్కొక్కటే ఊడదీస్తూ పోవాలి. ఏది తీసినప్పుడు రీడింగు 60 వైపు వస్తే లోపం ఆ మాడ్యూల్లోనో దానికి వెళ్లే తీగలోనో ఉన్నట్టు. ఏది తీసినా రాకపోతే హార్నెస్‌లో, అంటే బండి తీగల కట్టలో వెతకాలి. కొన్ని కొత్త బండ్లలో సాకెట్టుకూ మిగతా తీగలకూ నడుమ గేట్‌వే మాడ్యూల్, అంటే సమాచారాన్ని అటూ ఇటూ అందించే మాడ్యూల్, ఉంటుంది. అటువంటప్పుడు సాకెట్టు దగ్గర కొలిచిన అంకెను నమ్మలేం, గేట్‌వే అవతల కొలవాలి. బ్యాటరీ బలహీనంగా ఉన్నా స్టార్టు చేసే క్షణంలో వోల్టేజి పడిపోయి ఇవే కోడ్లు రాగలవు కనుక అసలు మొదట చూడవలసింది బ్యాటరీనే.

2020 ఏప్రిల్ నుంచి బండ్ల పొగకు సంబంధించిన బీఎస్ 6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక చిన్న కార్లలో కూడా ఎలక్ట్రానిక్స్ బాగా పెరిగింది. నా షెడ్డుకు వచ్చే ఐటీఐ కుర్రాళ్లు స్కానరు పెట్టడం చక్కగా నేర్చుకుని వస్తున్నారు, కాని బల్బుతో భారం పెట్టి ఎర్త్ చూడడం వాళ్లకు ఎవరూ నేర్పడం లేదు. పిల్లల తప్పేమీ లేదు, నేర్పేవారు పట్టించుకోవాలి. మాడ్యూళ్లు నిజంగా చెడిపోవని నేను అనడం లేదు, వరద నీటిలో మునిగిన వాటిని నేనే మార్చాను. అప్పుడు కూడా కొలిచి, యజమానికి చూపించి మార్చాను.

వర్క్‌షాపుల జాబ్ కార్డులో పెట్రోలు ఎంత ఉందో, ఎక్కడ గీతలు పడ్డాయో రాయడానికి గడులు ఉన్నాయి. బ్యాటరీ వోల్టేజి, తీగల మధ్య ఓములు, అనుమానం వచ్చిన మాడ్యూల్ ఎర్త్ మీద పడిన వోల్టేజి రాయడానికి ఇంకొక మూడు గడులు చేర్చాలని వర్క్‌షాపుల వారిని కోరుతున్నాను. ఆ మూడు అంకెలూ నిండే వరకు మాడ్యూల్ ఎస్టిమేటు మీద సంతకం చేయవద్దని మీ పాఠకులకు నా విన్నపం.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
అంబత్తూరు, చెన్నై