నాన్న స్కాన్ రిపోర్టు గురించి అమ్మకి

అమ్మకి నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. హాస్పిటల్ పని ఎప్పటిలాగే, రోజంతా ఇలాంటి స్కాన్లు చూడటమే. అన్నయ్య పంపిన నాన్న ఎంఆర్ఐ చూశాను. "వైట్ మ్యాటర్ మార్పులు, ఫజెకాస్ 1" అన్న లైను చదివి నీకు నిద్ర పట్టడం లేదట, వదిన చెప్పింది. ఫజెకాస్ అంటే జబ్బు పేరు కాదమ్మా, స్కాన్లో మెదడు లోపల కనిపించే మచ్చలకి వేసే మార్కు. మచ్చల్లేకపోతే 0, అక్కడక్కడా చుక్కలుంటే 1, చుక్కలు కలవడం మొదలైతే 2, కలిసి పెద్దవైపోతే 3. అరవై దాటినవాళ్లలో చాలామందికి ఎంతో కొంత ఉంటాయి. నాన్న వయసుకి 1 అంటే భయపడాల్సింది కాదు. అలాగని పట్టించుకోకుండా వదిలేసేదీ కాదు.

ఆలోచించే కణాలు ఎక్కువగా మెదడు పై పొరలో ఉంటాయి. వాటిని ఒకదానితో ఒకటి కలిపే పోగులు లోపలుంటాయి. పోగుల మీద మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది, ఆ భాగం తెల్లగా కనిపించేది అందుకే, రిపోర్టులో వైట్ మ్యాటర్ అన్నది దాన్నే. వయసుతో ఈ పోగులు తగ్గుతాయి. డెన్మార్క్ పరిశోధకులు 2003లో లెక్కకట్టారు: 20 ఏళ్ల మగవాడి మెదడులోని ఈ పోగులన్నీ కలిపితే సుమారు 1,76,000 కిలోమీటర్ల పొడవు, 80 ఏళ్లకి 97,000 దగ్గర. నుదుటి వెనక భాగం చిన్నప్పుడు అన్నిటికన్నా ఆలస్యంగా తయారవుతుంది, పెద్దయ్యాక అదే ముందు తగ్గుతుంది. ఒక పనిలోంచి ఇంకో పనికి మారడం, రెండిటినీ ఒకేసారి చూసుకోవడం దాని పని. నాన్న మాట, పాత సంగతులు చెక్కుచెదరకపోయినా, లెక్కలు చూస్తుండగా నువ్వు ఇంకోటి అడిగితే విసుక్కునేది అందుకే. అది నీ మీద కోపం కాదు. ఒక్కటే అడుగు, జవాబు వచ్చేదాకా ఆగు. ఆయన వాక్యం నువ్వు పూర్తి చెయ్యకు.

పేరు గుర్తు రానప్పుడు మొదటి అక్షరం అందించి చూడు. వెంటనే అందుకుంటే జ్ఞాపకం లోపల ఉన్నట్టే, బయటికి తీయడానికే టైం పడుతోంది. ఎంత అందించినా "అసలు అలా జరగనే లేదు" అంటుంటే మాత్రం అది వేరే సంగతి, డాక్టరుకి చెప్పాలి.

నడుస్తూ మాట్లాడిస్తే ఆగిపోయి జవాబిస్తున్నారని రాశావు చూడు, నాకు మచ్చల కన్నా అదే ఎక్కువ బెంగ. నడకకీ ఈ పోగులే కావాలి. మెట్ల మీద, బాత్రూంలో ఆయన్ని పలకరించకండి. రాత్రి లేచే దారిలో లైటు పెట్టించు.

ఇక బీపీ. మెదడు లోతుల్లోకి రక్తం పొడవాటి సన్నని నాళాల్లోంచి వెళ్లాలి. కాలువ చివరి పొలంలా, ఎక్కడ తేడా వచ్చినా ముందు దెబ్బ తినేది అదే. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువుంటే ఆ నాళాల గోడలు మందమై బిగుసుకుపోతాయి, రక్తం సరిగా అందక మచ్చలు పడతాయి. 2019లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. పై అంకె 140 లోపు ఉంచినవాళ్ల కన్నా 120 లోపు ఉంచినవాళ్లలో మచ్చలు తక్కువ పెరిగాయి. నాన్నకి ఎంత ఉండాలో మాత్రం డాక్టరే చెప్పాలి, మరీ పడిపోయినా అక్కడికి రక్తం అందదు.

నువ్వు రాసిన 168ని నేను నమ్మను. మెట్లెక్కి వచ్చి, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టి, మాట్లాడుతూ చూస్తే అంతే వస్తుంది. అరగంట ముందు నుంచీ కాఫీ వద్దు. ఒంటేలుకి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనించి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోమను. పట్టీ ఒంటికే తగలాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూడు. పొద్దున మాత్రకి ముందు ఒకసారి, రాత్రి ఒకసారి, ఇలా ఏడు రోజులు. మొదటి రోజువి కొట్టేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో చూసినప్పుడు సగటు 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క. నిలబడ్డాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో కూడా చూడండి. పై అంకె 20 కానీ, కింది అంకె 10 కానీ పడిపోతే ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి.

దూరాన కూర్చుని సలహాలు చెప్పడం తేలికని అన్నయ్య అంటాడు. అననీ. నా చేతిలో ఉన్నది ఇదే, ఇదైనా సరిగ్గా చెప్పాలి కదా.

బాబాయి తెచ్చిన టానిక్ ఆ మచ్చల్ని చెరపదు. బీ12 మాత్రం పరీక్ష చేయించండి, అది తక్కువైనా మైలిన్ దెబ్బతింటుంది. నిద్ర కోసం నాన్న వేసుకునే జలుబు మాత్ర ఆపించు, అలాంటి పాత రకం మాత్రలు పెద్దవాళ్లని మగతగా, అయోమయంగా చేస్తాయి. రోజూ అరగంట నడక, కొంచెం ఆయాసం వచ్చేంత.

మూతి వంకర పోయినా, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పినా, మాట ముద్దయినా నాకు ఫోన్ చేస్తూ కూర్చోవద్దు. మొదలైన టైం చూసుకుని నేరుగా ఆసుపత్రికి. నాకు తర్వాత చెప్పినా ఫరవాలేదు.

నీ మోకాలు ఎలా ఉంది? దాని గురించి ఒక్క ముక్కా రాయవు. బీపీ కాగితం ఫొటో తీసి పంపమని వదినకి చెప్పు, ఏడో రోజు కాగానే.

నీ
చిన్ని