ఈ సమ్మర్‌లో మన ఆర్‌వీలు ఫీనిక్స్‌లో దొరకవు, ఫ్లాగ్‌స్టాఫ్‌కి మారుస్తున్నాం

అందరికీ నమస్తే అండి. గ్రాండ్ కాన్యన్ (అరిజోనాలోని పెద్ద లోయ) ట్రిప్‌కి మేం అద్దెకిచ్చే ఆర్‌వీల (పడక, వంటగది ఉన్న పెద్ద బళ్ల) సమ్మర్ బుకింగ్స్ గురించి రోజూ మెసేజ్‌లు వస్తున్నాయి, ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఇక్కడే రాసేస్తున్నా, కొంచెం పెద్దదైంది, జూన్ 15 తర్వాత ట్రిప్ పెట్టుకున్నవాళ్లు మాత్రం పూర్తిగా చదవండి ప్లీజ్.

జూన్ 15 నుంచి ఆగస్టు ఆఖరి దాకా ఫీనిక్స్‌లో బండి ఇవ్వం. బళ్లన్నీ ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఉంటాయి, అక్కడే తీసుకుని అక్కడే అప్పజెప్పాలి. ఫీనిక్స్ ఎయిర్‌పోర్ట్‌లో దిగేవాళ్లకి ఇది ఇబ్బందే, నాకు తెలుసు, కొన్ని బుకింగ్స్ పోతాయని కూడా తెలుసు. కానీ జులైలో 110 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన ఎండలో, ఎప్పుడూ ఆర్‌వీ నడపనివాళ్ల చేతికి అంత బరువైన బండి ఇచ్చి ఐ-17 హైవే ఎక్కించడం నాకిక మనసొప్పట్లేదు. ఫీనిక్స్ 1,100 అడుగుల ఎత్తులో ఉంటే ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 7,000, మధ్యలో ఆ ఎక్కుళ్లలో ఇంజిన్ వేడెక్కకుండా ఏసీ ఆపేయమని రోడ్డు పక్కన బోర్డులే ఉంటాయి, లోపలేమో చంటిపిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. పోయిన సమ్మర్‌లో మన కస్టమర్ బండికి ఆ ఎక్కుడులోనే వెనక టైరు పేలింది, దేవుడి దయవల్ల ఎవరికీ ఏం కాలేదు, కానీ టో ట్రక్ వచ్చేదాకా వాళ్ల నాన్నగారు బండి నీడలో తడి టవల్ తల మీద వేసుకుని కూర్చున్న ఫోటో చూశాక నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు. ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి అయితే సౌత్ రిమ్‌కి (కాన్యన్ దక్షిణపు అంచుకి) రెండు గంటల లోపే, ఆ ఘాట్ బాధే ఉండదు.

బళ్లు నిలిపే లాట్ అద్దె, ఇన్సూరెన్స్ కలిపి బండి అద్దె రోజుకి 15 డాలర్లు పెంచక తప్పట్లేదు. డేట్స్ అక్టోబర్‌కి మార్చుకునేవాళ్లకి పాత రేటే. అరిజోనాలో ఉండేవాళ్లకి ఫాల్ బ్రేక్ (స్కూల్ సెలవులు) ఎలాగూ అప్పుడే కదా, నన్నడిగితే కాన్యన్‌కి అదే అసలు సీజన్. రాత్రిళ్లు నీళ్లు గడ్డకట్టే చలి ఉంటుంది, పడుకునే ముందు వాటర్ హోస్ ఊడదీసి లోపల పెట్టేసుకుంటే చాలు.

సైట్ బుక్ చేసే ముందు బండి పొడవు చూసుకోండి. సౌత్ రిమ్ మీది మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో 30 అడుగులు దాటితే కుదరదు, హుకప్స్ (బండికి కరెంటు, నీళ్ల కనెక్షన్లు) ఉండవు, జనరేటర్ కూడా వాళ్లు చెప్పిన టైమ్‌లోనే. రాత్రంతా ఏసీ ఎలా అని భయపడకండి, అంత ఎత్తులో జులైలో కూడా రాత్రి దుప్పటి కావాలి. కరెంటు, నీళ్లు, డ్రైనేజీ అన్నీ సైట్ దగ్గరే కావాలంటే ట్రైలర్ విలేజ్ అనే ఇంకో క్యాంప్‌గ్రౌండ్ ఉంది, మన పెద్ద బళ్లు కూడా అక్కడే పడతాయి.

ఏ క్యాంప్‌గ్రౌండ్‌లో ఉన్నా ఫ్రెష్ వాటర్ ట్యాంక్ మాత్రం ఫ్లాగ్‌స్టాఫ్‌లోనే నింపుకుని బయల్దేరండి. సౌత్ రిమ్‌కి నీళ్లు కాన్యన్ లోపలి నుంచి 1960ల్లో వేసిన పైప్‌లైన్‌లో వస్తాయి, అది ముసలిదైపోయి మాటిమాటికీ పగులుతుంది, 2024 లేబర్ డే వీకెండ్‌కి (సెప్టెంబర్ మొదట్లో) అలాగే పగిలి లాడ్జిల్లో రాత్రి బస మొత్తం ఆపేశారు. వంటకి ప్రెషర్ కుక్కర్ బండిలోనే పెడుతున్నాం, ఆ ఎత్తులో నీళ్లు 93 సెంటీగ్రేడ్ దగ్గరే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో పప్పు ఎంతసేపు పెట్టినా బద్దలా మిగిలిపోతుంది.

ఇక హైకింగ్. ఇది మాత్రం బతిమాలి చెప్తున్నా. కింద నదిదాకా వెళ్లి ఒక్కరోజులో పైకి వచ్చేస్తాం అని ప్లాన్ వేసుకోకండి, పార్కువాళ్లే వద్దంటారు, వయసులో ఉన్నా, జిమ్‌కి వెళ్తున్నా సరే. మామూలు కొండైతే ముందు ఎక్కుతాం, అలసిపోతే వెనక్కి దిగొస్తాం, ఇక్కడ తిరగేసి, హాయిగా దిగిపోయి, ఓపిక అయిపోయాక ఎండలో ఎక్కాలి, దిగిన టైమ్‌కి రెట్టింపు పట్టిందనుకోండి. దిగేకొద్దీ వేడి పెరుగుతుంది, రిమ్ మీద 85 ఫారెన్‌హీట్ ఉన్నరోజు అడుగున 105 దాటొచ్చు. సమ్మర్‌లో బ్రైట్ ఏంజెల్ ట్రైల్‌లో (లోయలోకి దిగే కాలిబాట) మైలున్నర దగ్గరి రెస్ట్‌హౌస్ దాకా, లేదంటే సౌత్ కైబాబ్ అనే ఇంకో ట్రైల్‌లో సీడర్ రిడ్జ్ దాకా, తెల్లారకముందే మొదలుపెట్టి 10 గంటలకల్లా పైన ఉండండి. సౌత్ కైబాబ్‌లో దారంతా చుక్క నీళ్లు దొరకవు, ట్రైల్ మొదలయ్యే చోటికి మన బండి పోనివ్వరు, పార్కు షటిల్ బస్సు ఎక్కాల్సిందే. ఉత్త నీళ్లే తాగుతూ పోయినా ప్రమాదమే, ఒంట్లో సోడియం పడిపోతుంది, కారప్పూస, ఉప్పు పల్లీలు, పులిహోర, ఏదో ఒకటి నడుస్తూ నడుస్తూ తింటూ ఉండాలి.

పెద్దవాళ్లకి అంచు వెంబడి నడిచే రిమ్ ట్రైల్ చాలు, మాథర్ పాయింట్ నుంచి విలేజ్ వైపు సాఫీగా ఉంటుంది, అలిసిపోతే షటిల్ ఉంది. హోపీ పాయింట్‌లో శివా టెంపుల్ అనే శిఖరం చూపించండి, విష్ణు, బ్రహ్మ పేర్లతో కూడా శిఖరాలున్నాయి, మా అమ్మ అయితే అక్కడే దణ్ణం పెట్టుకుంది.

విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి ఇంకో ఖర్చు ఉంది, 2026 జనవరి 1 నుంచి అమెరికా రెసిడెంట్లు కానివాళ్లకి, 16 ఏళ్లు నిండితే, మామూలు ఎంట్రీ ఫీజు పైన మనిషికి 100 డాలర్లు, లేదంటే నాన్-రెసిడెంట్ యాన్యువల్ పాస్ 250. రెండు మూడు పార్కులు తిరిగేవాళ్లకి పాసే నయం.

నార్త్ రిమ్‌కి (కాన్యన్ ఉత్తరపు అంచుకి) ఈ ఏడాది బుకింగ్స్ తీసుకోవట్లేదు. 2025 జులైలో మంటల్లో అక్కడి లాడ్జ్ కాలిపోయింది, అంతదూరం పంపి మీకు సౌకర్యాలు లేకుండా చేయలేను.

జూన్ 15 నుంచి ఆగస్టు ఆఖరి లోపు డేట్స్‌కి ఫీనిక్స్ పికప్‌తో ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్లు ఫ్లాగ్‌స్టాఫ్ పికప్, అక్టోబర్ డేట్స్, లేదా పూర్తి డబ్బు వాపస్, ఈ మూడింట్లో ఏది కావాలో మే 31 లోపు బుకింగ్ నంబర్‌తో మెసేజ్ పెట్టండి. వాపస్‌లో ఒక్క డాలర్ కూడా పట్టుకోం.