వాలై కావాలంటే పొద్దు గుంకే దాకా ఆగు

అమ్మలూ,

వచ్చే శనివారం వాలై చేపలు పట్టే సీజన్ మొదలవుతోందని, ఫ్రెండ్స్‌తో మిన్నెసోటాలోని మిల్ లాక్స్ సరస్సుకి వెళ్తున్నావని అమ్మ చెప్పింది. నేను పక్కన లేకుండా వెళ్ళడం నీకిదే మొదలు కదా, ఫోన్‌లో హడావిడిగా చెప్పేకన్నా రాస్తే మేలనిపించింది.

షాపులో రంగురంగుల ఎరలు చూసి డబ్బులు తగలేయకు. ఈ చేపకి ఎర కన్నా వేళ ముఖ్యం. దాని కంట్లో వెలుతురును తిరిగి వెనక్కి కొట్టే పొర ఒకటుంటుంది. రాత్రి టార్చి వేస్తే కళ్ళు మెరిసేది అందుకే. మసక వెలుతురులో దానికి చక్కగా కనిపిస్తుంది, అది తినే పెర్చ్ చేపలకేమో అప్పటికి చూపు ఆనదు. వేట మొదలయ్యేది అప్పుడే. మే మధ్యలో అక్కడ పొద్దు ఎనిమిదిన్నర ప్రాంతంలో గుంకుతుంది. దానికి గంట ముందు నుంచి, చీకటి పడ్డాక ఇంకో గంట దాకా నీ గాలం నీళ్ళలోనే ఉండాలి. ఆరింటికే ఆకలంటూ వెనక్కి తిరిగే ఫ్రెండ్స్ ఉంటే తినడానికి ఏదైనా పడవలోకే తెచ్చుకోమను.

పగలే వెళ్ళాల్సి వస్తే మబ్బు పట్టి, కాస్త గాలి ఉన్న రోజు చూసుకో. నీటి పైభాగం అలలతో కదులుతుంటే లోపలికి వెలుతురు తక్కువ దిగుతుంది. గాలి ఏ ఒడ్డుకి కొడుతుంటే ఆ ఒడ్డున వెతుకు. కానీ ఆ సరస్సు 1,32,000 ఎకరాలు, ఎంత లోతైన చోటైనా 42 అడుగులే. గాలి పెరిగిందంటే చూస్తుండగానే పెద్ద అలలు లేస్తాయి. నీళ్ళు పడవలోకి ఎగిరి పడుతుంటే చేపల సంగతి వదిలేసి ఒడ్డుకి వచ్చేయండి. మేలో ఆ నీళ్ళ చలికి ఈత బాగా వచ్చినవాళ్ళ కాళ్ళూ చేతులూ కూడా కొయ్యబారిపోతాయి. లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద ఉండాలి.

వసంతంలో గుడ్లు పెట్టిన చేపలు ఇంకా రాళ్ళూ గులకా ఉన్న తక్కువ లోతులోనే తిరుగుతుంటాయి. ఆరు నుంచి పన్నెండు అడుగుల్లో మొదలుపెట్టు. ఎనిమిదో వంతు ఔన్సు జిగ్, అంటే తల దగ్గర బరువున్న కొక్కెం, దానికి ఎరగా షైనర్ అనే చిన్న చేప చాలు. నోట్లోంచి గుచ్చి తల వెనక పైకి తియ్యి. ఎరకి జలగలు ఇప్పుడే కొనకు, చల్లటి నీళ్ళలో ఉండ చుట్టుకుపోతాయి. జూన్ వచ్చాక బెండు కింద వేలాడదియ్యి, అప్పుడు వాటి పని చూద్దువుగాని.

ఇక అసలు సంగతి. మన కొల్లేటి వైపు కొర్రమీను కప్పని మింగి లాక్కుపోయినట్టు ఇది లాగదు. ఒక్కోసారి టక్కుమని చిన్న దెబ్బ, చాలాసార్లు అదీ ఉండదు. జిగ్‌ని అడుగు ఎత్తు లేపి, దారం మరీ వదులు కాకుండా కిందికి దించు. దిగేటప్పుడే నోట పట్టుకుంటుంది. మళ్ళీ లేపబోతే బరువు కొంచెం తేడాగా తెలుస్తుంది, అదే చేప. కర్ర కొనని కాస్త దానివైపు వదిలి, ఒక్క క్షణం ఆగి, పైకి లాగు. దారం మీద చూపుడు వేలు ఆనించి ఉంచుకో, కంటికి కనపడనిది వేలికి తెలుస్తుంది.

నోట్లో వేళ్ళు పెట్టకు, కోరపళ్ళుంటాయి. మొప్పల అంచులూ వీపు ముళ్ళూ కూడా కోసేస్తాయి. చెయ్యి తడుపుకుని పట్టుకో. పెద్దది పడితే ఫోటో తీసుకుని వెంటనే వదిలెయ్యి. పెద్దవి దాదాపు అన్నీ ఆడవే, వచ్చే ఏడు గుడ్లు పెట్టేవి.

ఆ సరస్సుకి లెక్కలు వేరు. ఎన్ని, ఎంత పొడవువి ఉంచుకోవచ్చో మారుతూ ఉంటుంది కాబట్టి ముందురోజు రాష్ట్ర సహజ వనరుల శాఖ (డీఎన్‌ఆర్) సైటులో చూసుకో. అక్కడి ఆదివాసులు ఒజిబ్వేలు వేసే వలల మీద ఎవరైనా గొణిగితే నువ్వు వంత పాడకు. 1837లో అమెరికా ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం అక్కడ చేపలు పట్టే హక్కుని వాళ్ళకి అలాగే ఉంచింది, 1999లో అమెరికా సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు పడవ ప్లగ్ తీసి నీళ్ళన్నీ వంపెయ్యండి, ఎర బకెట్‌లో నీళ్ళు కూడా. జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు ఇంకో సరస్సుకి పాకేది ఆ నీళ్ళతోనే.

చేపలు దొరికితే పులుసు పెట్టకు, ముళ్ళు తీసేసిన మెత్తటి కండ విడిపోతుంది. ఉప్పు, కారం, కాస్త అల్లంవెల్లుల్లి పట్టించి పెనం మీద వేయించు. ఐస్ బాక్స్ మన గ్యారేజీలో పై అరలో ఉంది, శుక్రవారం వచ్చి తీసుకెళ్ళు.

ప్రేమతో,
నాన్న