స్లైడ్ ఫ్యాన్ కింద ఆరిపోతోంది: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను విశాఖపట్నంలో ఒక సైటాలజీ (కణాల పరీక్ష) ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పాప్ స్మియర్ స్లైడ్లు, అంటే గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన కణాలు పూసిన గాజు పలకలు, ముందు మా చేతికే వస్తాయి. అనుమానం ఉన్న కణం పక్కన ఇంకు చుక్క పెట్టి పాథాలజిస్టు గారికి అందిస్తాం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మీద మీటింగ్ అంటే మెషీన్లు, వ్యాక్సిన్ల మాటే వినిపిస్తుంది. అవీ కావాలి. నేను అడిగేది మాత్రం క్యాంపుకో సీసా ఆల్కహాల్.

ఎందుకో చెబుతాను. ఆరోగ్యంగా ఉన్న ఇంటర్మీడియట్ కణంలో (ముఖద్వారం పొరల్లో మధ్య పొర కణం) న్యూక్లియస్, అంటే కణం నడిమి కేంద్రకం, అడ్డంగా ఏడెనిమిది మైక్రాన్లు ఉంటుంది. తల వెంట్రుక మందంలో పదో వంతు అనుకోండి. ప్రతి స్లైడ్‌లోనూ మాకు అదే కొలబద్ద. పక్క కణంలో న్యూక్లియస్ వైశాల్యం దానికి రెండున్నర నుంచి మూడు రెట్లుంటే ఇప్పుడే తేల్చలేం అని రాస్తారు. మూడు రెట్లు దాటి, రంగు ముదిరి, అంచు గతుకులు పడితే క్యాన్సర్ వైపు తక్కువ స్థాయి మార్పు. తీవ్రమైన మార్పు దగ్గరే అసలు చిక్కు. అక్కడ కణమే చిన్నదైపోతుంది. చుట్టూ ఉండాల్సిన సైటోప్లాజం సన్నటి అంచుగా మిగిలి, లోపలంతా న్యూక్లియస్సే కనిపిస్తుంది. పెద్ద కణం కోసం వెతికితే ఇది కళ్లముందే జారిపోతుంది.

ఈ లెక్కంతా నిలవాలంటే నమూనా పూసిన మరుక్షణం స్లైడ్‌ను ఆల్కహాల్‌లో ముంచాలి. గాలికి ఆరితే న్యూక్లియస్ ఉబ్బిపోతుంది, లోపలి గీతలు అలుక్కుపోతాయి. నీలి ఆకుపచ్చగా రావాల్సిన కణాలు కూడా గులాబీ రంగుకు తిరుగుతాయి. క్యాంపు నుంచి వచ్చిన డబ్బా తెరిచి స్లైడ్‌ను లైటుకు ఎత్తి పట్టుకుంటే, రంగు వేయకముందే కొన్నిటి సంగతి తెలిసిపోతుంది. ఫ్యాన్ కింద ఆరబెట్టి, పేపర్లో చుట్టి పంపినవి. మూడు రెట్లుందా లేదా అని వాటిలో ఏం కొలుస్తాం?

ఇందులో సిస్టర్లను అనడానికేమీ లేదు. మన ఏజెన్సీలో మలేరియా స్లైడ్ తీయడం చేతికి అలవాటైన పని. రక్తపు చుక్కను గాలికి ఆరనివ్వాలి, దానికి అదే పద్ధతి. పాప్ స్మియర్‌కు సరిగ్గా ఉల్టా. ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? (95 శాతం ఇథైల్ ఆల్కహాల్‌కు ఎక్సైజ్ అనుమతుల తలనొప్పి ఉంటే ఐసోప్రొపైల్ అయినా పనికొస్తుంది.)

చివరికి మా రిపోర్టులో 'నమూనా పరీక్షకు పనికిరాదు' అని పడుతుంది. పాడేరు వైపు నుంచి కూలి మానుకుని వచ్చిన మనిషిని మళ్లీ రమ్మంటే వస్తుందా? వచ్చేవాళ్లే తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30-49 ఏళ్ల మహిళల్లో ఒక్కసారైనా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్లు 1.9 శాతం. అందులోనూ కొన్ని స్లైడ్లు ఇలా బుట్టలో పడుతున్నాయి.

కొత్త పరిశోధనలంటే నాకూ ఇష్టమే. 2009లో అమెరికాలోని క్లార్క్‌సన్ యూనివర్సిటీ వాళ్లు అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు సూదిమొనతో ఈ కణాల ఉపరితలాన్నే కొలిచారు. పైన నూగులా ఉండే పొర ఆరోగ్యకరమైన కణాల్లో ఒకే పొడవులో, సుమారు 2.4 మైక్రాన్లు ఉంది. క్యాన్సర్ కణాల్లో ఎక్కువగా రెండు పొడవులు కనిపించాయి, ఒకటి 2.6 మైక్రాన్లు, ఇంకోటి అర మైక్రాన్ లోపే. చదివినప్పుడు ఒళ్లు పులకరించింది. వైద్య పరికరాలు తయారయ్యే మెడ్‌టెక్ జోన్ మన ఊళ్లోనే ఉంది, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఇలాంటి పని ఇక్కడ జరిగితే అంతకంటే ఏం కావాలి? కానీ ఎంత ఖరీదైన మెషీన్ అయినా పాడైన నమూనాను బాగుచేయలేదు.

ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌ను పట్టే పరీక్షే మొదటి పరీక్షగా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. నమూనా ట్యూబులో వెళ్తుంది కాబట్టి దానికి ఈ ఆరిపోయే గొడవ లేదు. టీబీ కోసం తెచ్చిన ట్రూనాట్ మెషీన్ల మీద కూడా ఆ పరీక్ష చేయొచ్చు. తప్పకుండా తెప్పించండి. అది వచ్చేదాకా పాప్ స్మియర్లు ఆగవు, వచ్చాక కూడా పాజిటివ్ అన్న కొందరికి స్లైడ్ చూడాల్సే వస్తుంది.

అందుకని క్యాంపు కిట్‌లో మూతున్న జాడీ, ఆల్కహాల్, స్లైడ్ మీద పేరు రాయడానికి పెన్సిల్ పెట్టించండి. పెన్సిలే ఎందుకంటే పెన్ను ఇంకు ఆల్కహాల్‌లో చెరిగిపోతుంది. పాడైన స్లైడ్ ఏ క్యాంపుదో, ఎందుకు పాడైందో తిరిగి ఆ సిస్టర్‌కు తెలిసేలా ఒక ఆర్డర్ ఇవ్వండి. ఇప్పుడు ఆ మాట మా రిజిస్టర్‌లోనే ఆగిపోతోంది. నేర్పడానికి ఒక్క పూట చాలు. విశాఖ, అల్లూరి జిల్లాల్లో ఎక్కడికి పిలిచినా సెలవు పెట్టుకుని నేనే వస్తాను, టీఏ కూడా అడగను. జాడీలు మాత్రం మీ శాఖే పంపాలి.

ఇట్లు,
ఒక సైటాలజీ టెక్నీషియన్
విశాఖపట్నం