ఊడ్చే మనిషికి యజమాని ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

ఒక మున్సిపాలిటీ ఆరోగ్య విభాగంలో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికుల మస్టర్లు (హాజరు పట్టీలు) సరిచూసి, వాళ్లను పనిలో పెట్టిన ప్రైవేటు ఏజెన్సీ బిల్లు నెలనెలా పెట్టడం చాలా ఏళ్లపాటు నా సీటు పని. మున్సిపల్ సమ్మె వచ్చిన ప్రతిసారీ చెత్తకుప్పల ఫొటోలు, జనం ఇక్కట్లు తప్ప పెద్దగా చర్చ జరగడం లేదు. ఆ కార్మికులు సమ్మె దాకా ఎందుకు వెళ్తారో నేను చూసినంతలో చెబుతాను.

తెల్లవారుజామున అయిదింటికి మా మస్టర్ వేసే చోట రెండు వరసలు నిలబడేవి. ఒకటి పర్మినెంటు వాళ్లది, రెండోది ఏజెన్సీ వాళ్లది. మేస్త్రి ఒక్కడే, ఊడ్చే వీధీ, తీసే కాలవా ఒకటే. రెండు వరసల్లోనూ ఎక్కువమంది దళిత ఆడవాళ్లే. పర్మినెంటు మనిషికి జీతంలో తేడా వస్తే యూనియన్ నాయకుడు నేరుగా కమిషనర్ గదిలోకి వెళ్లి కూర్చునేవాడు. గొడవపడేవారు, అరుచుకునేవారు, చివరికి ఏదో ఒకటి తేలేది. ఏజెన్సీ మనిషికి తేడా వస్తే వెళ్లి కూర్చోవడానికి గదే లేదు.

ఒకావిడ కూతురి పెళ్లికి పీఎఫ్ తీసుకుందామని నా దగ్గరకొచ్చింది. ఆవిడ పనిచేసిన కాలంలో మూడు ఏజెన్సీలు మారాయి. మారినప్పుడల్లా కొత్త ఖాతా తెరిచారు. ఒక ఏజెన్సీ జీతంలో కోత కోసింది గానీ ఖాతాలో పైసా వెయ్యలేదు. చీర కొంగులో మడిచి తెచ్చుకున్న కాగితాలు నా బల్ల మీద పెట్టి, "మేస్త్రినడిగితే ఏజెన్సీ అంటాడు, ఏజెన్సీవాళ్లేమో ఫోనెత్తరు. మరి నేను ఇన్నేళ్లూ ఎవరి దగ్గర పనిచేసినట్టు సారూ?" అంది. "మాకు సంబంధం లేదమ్మా, కాంట్రాక్టర్నే అడగాలి" అన్నాను. ఆఫీసులో అందరూ చెప్పే మాటే నేనూ చెప్పాను.

అది తప్పు. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం 21వ సెక్షన్ ప్రకారం కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ప్రధాన యజమాని, అంటే ఆ పని చేయించుకునే సంస్థ, చెల్లించి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాల్సి ఉండేది. పీఎఫ్ చట్టంలోనూ ప్రధాన యజమాని బాధ్యత ఉంది. ఆ ప్రధాన యజమాని మా మున్సిపాలిటీయే. ఆవిడ రావలసిన చోటికే వచ్చింది, పంపేసింది నేను.

ఇంకో సంగతి చూడండి. పారిశ్రామిక వివాదాల చట్టం 1947లోనే పారిశుద్ధ్యాన్ని ప్రజోపయోగ సేవల్లో చేర్చి, సమ్మెకు ముందు నోటీసు ఇచ్చి తీరాలంది. చీపురు కింద పెడతానంటే మాత్రం ఆమెది ప్రజాసేవ, జీతం అడిగితే కాంట్రాక్టరు మనిషి. ఈ రెండూ ఎలా పొసగుతాయి?

దళారులు లేకుండా చేస్తామని ఆంధ్రప్రదేశ్‌లో 2020లో అవుట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం ఆప్కాస్ అనే ప్రభుత్వ కార్పొరేషన్ ప్రారంభించారు. ప్రైవేటు ఏజెన్సీల కన్నా అది నయమే, కాదనను. కానీ 2023 డిసెంబర్ 26న మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగితే చర్చలకు కూర్చున్నది ఆప్కాస్ కాదు, మంత్రులు. అప్పటికి వాళ్లకొచ్చేది 15,000 జీతం, 6,000 ఆరోగ్య భృతి. వాళ్లడిగింది సమాన పనికి సమాన వేతనం, పర్మినెంటు. జీతం ఎంతో తేల్చేది ప్రభుత్వమే అయినప్పుడు యజమానిగా సంతకం పెట్టడానికి ఏమిటి అభ్యంతరం? మంత్రులు కూర్చోవడానికి ఊళ్లన్నీ కుళ్లిపోయేదాకా ఆగాలా? మామూలు రోజుల్లో, మామూలు గొడవకి కూర్చునే చోటు ఉంటే సగం సమ్మెలు నోటీసు దశలోనే ఆగిపోతాయని నా నమ్మకం.

కోర్టుకు వెళ్లొచ్చుగా అంటారు. కాంట్రాక్టు విధానాన్ని నిషేధించిన పనుల్లో ఆ కార్మికుల్ని నేరుగా తీసుకోవాలని సుప్రీంకోర్టు 1996లో ఎయిర్ ఇండియా కేసులో చెప్పింది. 2001లో స్టీల్ అథారిటీ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పును పక్కనపెట్టింది. దాంతో కాంట్రాక్టు కేవలం కంటితుడుపు, అసలు యజమాని సంస్థేనని కార్మికుడే ట్రిబ్యునల్‌లో నిరూపించుకోవాల్సి వచ్చింది. జీతం చీటీ కూడా చేతికందని మనిషి ఏ కాగితంతో నిరూపిస్తుంది?

2025 నవంబర్ 21న పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాయి. సంస్థ అసలు పనుల్లో కాంట్రాక్టు కార్మికుల్ని పెట్టకూడదని వాటిలో ఒకటైన వృత్తి భద్రత కోడ్ అంటోంది. అదే కోడ్ ఏవి అసలు పనులు కావో జాబితా ఇచ్చి, పారిశుద్ధ్యాన్ని అందులో మొట్టమొదట పెట్టింది. సంస్థ ఏర్పడిందే ఆ పని కోసమైతే ఇది వర్తించదని కూడా అందులోనే ఉంది. మరి మున్సిపాలిటీ ఉన్నది దేనికి? ఊరు ఊడ్చడం, మురుగు తీయడం అసలు పని కాకపోతే ఇంకేది అసలు పని? రెండు తెలుగు రాష్ట్రాల పురపాలక శాఖలూ దీనికి రాతపూర్వకంగా సమాధానం చెప్పాలి.

ఖర్చు తగ్గుతుందన్న వాదన నాకు కొత్త కాదు, ఆ బిల్లులు పెట్టింది నేనే. ఏజెన్సీ కమీషన్ పోనూ ఖజానాకు ఏమైనా మిగిలిందంటే అది రెండో వరసలో నిలబడ్డవాళ్ల జీతంలో తగ్గించిందే. చీపురు ఖరీదు తగ్గలేదు, బండి రిపేరు ఖర్చు తగ్గలేదు.

పర్మినెంటు చెయ్యడం ప్రభుత్వం తేల్చాల్సిన పెద్ద విషయం, చెయ్యాలనే నేనంటాను. ఈలోగా కొత్త చట్టం అక్కర్లేని పనులు రెండున్నాయి. ఏజెన్సీ అయినా ఆప్కాస్ అయినా, కమిషనర్ ప్రధాన యజమాని హోదాలో నెలకోసారి కార్మిక సంఘాలతో కూర్చుని, ఒప్పుకున్నది మినిట్స్‌లో రాసి సంతకం పెట్టాలి. రెండోది, ఏజెన్సీ బిల్లుకు కార్మికుల పేర్లవారీ పీఎఫ్, ఈఎస్ఐ చలానా జతచేయాలి. మస్టర్లో ఉన్న ఏ ఒక్క పేరు చలానాలో లేకపోయినా, నా సీట్లో ఇప్పుడున్న గుమాస్తా ఆ బిల్లు వెనక్కి పంపాలి.

— ఒక విశ్రాంత మున్సిపల్ గుమాస్తా, గుంటూరు జిల్లా