రెండో పిక్ అమ్మొద్దు: శాన్ హోసే షార్క్స్ జనరల్ మేనేజర్‌కి బహిరంగ లేఖ

సన్నీవేల్, కాలిఫోర్నియా
2025 జూన్ 20

మైక్ గ్రియర్ గారికి,
జనరల్ మేనేజర్, శాన్ హోసే షార్క్స్

నమస్కారం.

వచ్చే శుక్రవారం, 27వ తేదీన, ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) డ్రాఫ్ట్. రెండో పిక్ మీ చేతిలో ఉంది. దాన్ని ఎవరికైనా ఇచ్చేసి, ఈ అక్టోబర్ నుంచే ఆడగలిగే ఒక గట్టి డిఫెన్స్ ఆటగాణ్ణి తెచ్చుకోవాలని మా ఆఫీసులో సగం మంది వాదిస్తున్నారు. మొన్న లంచ్‌లో దీనిమీద ఎంత గొడవైందంటే నా డబ్బాలో పప్పన్నం అలాగే ఉండిపోయింది. వాళ్ళకి అక్కడ సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక అన్నీ గుర్తొచ్చాయి. అందుకే ఈ ఉత్తరం.

మీరు తెలుగు చదవరని తెలుసు. కానీ ఫ్రీమాంట్ నుంచి కూపర్టినో దాకా మీ టికెట్లు కొనే తెలుగువాళ్ళు ఉన్నారు. ఇది వాళ్ళూ చదవాలి. హాకీ అంటే ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ ఒక్కటే అనుకునే మా అత్తగారు, డ్రాఫ్ట్ అంటే ఐపీఎల్ వేలం లాంటిదే అనుకునే మా తమ్ముడు కూడా చదువుతారు కాబట్టి, మీకు తెలిసిన సంగతే ఒక్క ముక్క వాళ్ళకోసం చెప్పనివ్వండి.

మా ఎంసెట్ కౌన్సెలింగ్‌ని తలకిందులుగా నడిపితే ఎలా ఉంటుందో ఈ డ్రాఫ్ట్ అలా ఉంటుంది. అందరికంటే అధ్వాన్నంగా రాసినవాణ్ణి ముందు పిలిచి, నీకు నచ్చిన సీటు తీసుకో అంటారు. ఇక్కడ రాసేది జట్లు, సీట్లు కొత్త కుర్రాళ్ళు, ఎంచుకునే వంతే పిక్. మరీ అంత సూటిగా ఉంటే ప్రతివాడూ కావాలనే ఫెయిలవుతాడని మధ్యలో ఒక లాటరీ పెట్టారు. మే 5న ఆ లాటరీ తీసినప్పుడు మొదటి పిక్ మనకు వచ్చే అవకాశం 25.5 శాతం. 3.5 శాతం అవకాశమున్న న్యూయార్క్ ఐలాండర్స్ దాన్ని తన్నుకుపోయారు. మనకి రెండోది మిగిలింది. ఇక్కడ మా కౌన్సెలింగ్‌లో లేని సౌకర్యం ఇంకోటుంది. వచ్చిన సీటుని వేరేవాళ్ళకి ఇచ్చి బదులుగా ఏదైనా పుచ్చుకోవచ్చు. తగాదా అంతా ఇక్కడే.

ఈ పిక్ ఊరికే రాలేదండీ. ఖరీదు మేం కట్టాం. 2023 నవంబర్ మొదటి వారంలో సొంత గడ్డ మీద వాంకూవర్ చేతిలో 10-1తో ఓడారు. రెండు రోజుల తర్వాత పిట్స్‌బర్గ్ చేతిలో 10-2. రెండో మ్యాచ్‌కి మా అమ్మాయిని తీసుకుని కాల్‌ట్రెయిన్‌లో వచ్చాను. దానికప్పుడు ఏడేళ్ళు. డిరిడాన్ స్టేషన్లో దిగేటప్పుడు ఒకటే ఉత్సాహం. ఆటగాళ్ళు ఆ పెద్ద సొరచేప నోట్లోంచి ఐసు మీదకి రావడం చూసి గంతులేసింది. ఎనిమిదో గోల్ పడ్డాక "నాన్నా, మనం ఇప్పుడు వాళ్ళ పార్టీకి మారొచ్చా?" అని అడిగింది. ఆ సీజన్లో 82 మ్యాచ్‌లకి 47 పాయింట్లు. మొన్న ముగిసిన సీజన్లో 52. రెండుసార్లూ లీగ్ మొత్తంలో మనమే ఆఖరు. ప్లేఆఫ్స్ చూసి ఆరు సీజన్లయింది. మా అమ్మాయి 2016లో, మనం లీగ్ విజేతని తేల్చే స్టాన్లీ కప్ ఫైనల్ ఆడిన నెలలో పుట్టింది. 2019 ఏప్రిల్‌లో వేగస్ మీద ఏడో మ్యాచ్‌లో 0-3 నుంచి లేచి ఓవర్‌టైమ్‌లో గుడ్రో గోల్‌తో గెలిచిన రాత్రి, నేను పెట్టిన కేకకి నిద్రలేచి ఏడ్చింది. తన బతుకులో ప్లేఆఫ్ హాకీ అంటే అదొక్కటే.

ఇంత ఓడిన జనం తొందరపడటం సహజం. మీరూ నలిగిపోయే ఉంటారు. కానీ ఈ ఊళ్ళో తొందరపాటు ఖరీదు ఏమిటో మనకి లెక్కతో సహా తెలుసు.

2018 సెప్టెంబర్‌లో మీ ముందున్న డగ్ విల్సన్ గారు ఆటవా నుంచి డిఫెన్స్ స్టార్ ఎరిక్ కార్ల్‌సన్‌ని తెచ్చారు. నేనూ ఎగిరి గంతేశాను, దాచుకోను. బదులుగా ఇచ్చినవాటిలో ఒక మొదటి రౌండ్ పిక్ ఉంది. మనది గెలిచే జట్టు, ఆ పిక్ ఎక్కడో పాతిక దాటి వస్తుంది, పోతే పోయిందనుకున్నాం. మరుసటి ఏడాది కార్ల్‌సన్‌కి ఎనిమిదేళ్ళ ఒప్పందం, ఏడాదికి కోటీ 15 లక్షల డాలర్లు. తర్వాత జట్టు కుప్పకూలింది. మనం ఇచ్చేసిన ఆ పిక్ 2020లో మూడోదై కూర్చుంది. దాంతో ఆటవా టిమ్ స్టూట్స్‌లెని తీసుకుంది. మన ఓటమి ఫలం వాళ్ళ ఇంట్లో పెరిగింది. కార్ల్‌సన్ 2023లో 101 పాయింట్లు (కొట్టిన గోల్స్, అందించిన గోల్స్ కలిపి) కొట్టి, ఉత్తమ డిఫెన్స్ ఆటగాడికిచ్చే నోరిస్ ట్రోఫీ గెలిచినా మన రాత మారలేదు. ఆ వేసవిలోనే మీరు అతణ్ణి పిట్స్‌బర్గ్‌కి పంపారు. 10-2 రోజున అతను అవతలి బెంచీ మీద ఉన్నాడు.

అప్పుడు విల్సన్ గారికి ఒక సాకైనా ఉంది. ఆ పిక్ ఎన్నోదవుతుందో ఎవరికీ తెలియదు. మీకు ఆ సాకు లేదు. ఇది రెండోదని ఊరందరికీ తెలుసు.

మన పరిస్థితికి ఇంకా దగ్గరి ఉదాహరణ కూడా ఆటవాదే. 2022లో వాళ్ళూ మనలాగే కట్టుకుంటున్న జట్టు, వాళ్ళ అభిమానులూ మాలాగే విసిగినవాళ్ళు. ఏడో పిక్, 39వ పిక్, రెండేళ్ళ తర్వాతి మూడో రౌండ్ పిక్ చికాగోకి ఇచ్చి అలెక్స్ డెబ్రిన్‌కాట్‌ని తెచ్చారు. చెడ్డ ఆటగాడు కాదు. వయసు 24, అప్పటికే రెండు సీజన్లలో 41 గోల్స్ చొప్పున కొట్టినవాడు. కాగితం మీద చూస్తే ఎవరైనా సై అంటారు. అతను అక్కడ ఆడింది ఒకే ఒక్క సీజన్. అప్పుడూ ప్లేఆఫ్స్ రాలేదు. దీర్ఘకాలం ఉండే ఉద్దేశం లేకపోవడంతో మరుసటి వేసవిలో అతణ్ణి డెట్రాయిట్‌కి ఇచ్చేయాల్సి వచ్చింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. తయారైన ఆటగాడు తన కాంట్రాక్ట్ గడియారంతో సహా వస్తాడు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడి గడియారం మాత్రం మీ చేతికే ఉంటుంది.

మా ఆఫీసులో వాళ్ళ మాటల్లో ఒకటి మాత్రం నిజం. మనకి డిఫెన్స్ లేదు. మన కుర్ర స్టార్ మాక్లిన్ సెలెబ్రీని ఒక గోల్ కొడితే ఇవతల రెండు పడుతున్నాయి. ఇలాంటి నిజంతోనే ఎడ్మంటన్ 2015లో కాలు జారింది. సరిగ్గా ఆ డ్రాఫ్ట్‌లోనే వాళ్ళకి, ఈ తరం మేటి ఆటగాడనిపించుకున్న కానర్ మెక్‌డేవిడ్ దొరికాడు. చేతికి బంగారం వచ్చింది, ఇక డిఫెన్స్ ఒక్కటే తక్కువ అనుకుని, 16వ పిక్, 33వ పిక్ ఐలాండర్స్‌కి ఇచ్చి గ్రిఫిన్ రైన్‌హార్ట్ అనే డిఫెన్స్ కుర్రాణ్ణి తెచ్చారు. అతను ఎన్‌హెచ్‌ఎల్‌లో నిలదొక్కుకోలేదు. ఆ పదహారుతో ఐలాండర్స్ తీసుకున్నది, తర్వాత స్టార్ అయిన మాథ్యూ బార్జల్‌ని. చేతిలో మెక్‌డేవిడ్ ఉన్నవాడికి తొందర దేనికో నాకిప్పటికీ అర్థం కాదు. అందులో సగం అదృష్టం మనకీ ఉంది. సెలెబ్రీనికి మొన్న 13నే పంతొమ్మిది నిండాయి. మొదటి సీజన్లోనే 70 మ్యాచ్‌ల్లో 63 పాయింట్లు. మన ఇంకో కుర్రాడు విల్ స్మిత్ ఇరవై ఏళ్ళవాడు.

ఇక డబ్బు సంగతి. ఈ లీగ్‌లో జీతాలకి పై హద్దు ఉంది. వచ్చే సీజన్‌కి జట్టు మొత్తం మీద 9 కోట్ల 55 లక్షల డాలర్లు. కొత్తగా డ్రాఫ్ట్ అయిన కుర్రాడికి మొదటి మూడేళ్ళూ మూల జీతం ఏడాదికి పది లక్షల లోపే, బోనస్‌లు వేరు. పేరున్న డిఫెన్స్ ఆటగాణ్ణి తెస్తే అతనొక్కడే అంతకి ఎన్నో రెట్లు తీసుకుంటాడు. పైగా సెలెబ్రీని మొదటి కాంట్రాక్ట్ అయిపోయే నాటికి, అంటే 2027 వేసవికి, ఖజానాలో చోటు ఉండాలి. అతనితో పాటు స్మిత్‌కీ ఉండాలి. అలాంటప్పుడు చవగ్గా వచ్చే మూడో కుర్రాడి విలువ అతను కొట్టే గోల్స్‌తోనే అయిపోదు. అతని వల్ల మిగిలే డబ్బుతో డిఫెన్స్ కొనుక్కోవచ్చు. పిక్ ఇచ్చి డిఫెన్స్ తెచ్చుకుంటే, పిక్కూ పోతుంది డబ్బూ పోతుంది.

మొన్న మంగళవారం ఫ్లోరిడా వరసగా రెండో కప్ గెలిచాక మావాళ్ళకి కొత్త ఆయుధం దొరికింది. "చూడు, వాళ్ళు అన్నీ ట్రేడ్ చేసి కొనుక్కున్నవే" అంటారు. ఆఖరి మ్యాచ్‌లో నాలుగు గోల్స్ కొట్టిన సామ్ రైన్‌హార్ట్‌ని (పైన చెప్పిన గ్రిఫిన్‌కి ఇతను సొంత తమ్ముడు, ఒకే ఇంట్లో ఎంత తేడా చూడండి) 2021లో బఫలో నుంచి కొన్నమాట నిజమే. కానీ అప్పటికే ఫ్లోరిడా ప్లేఆఫ్స్ ఆడుతున్న జట్టు. వాళ్ళిచ్చిన మొదటి రౌండ్ పిక్ చివరికి 28వది అయింది. తర్వాత తెచ్చుకున్న మాథ్యూ కటచుక్ కోసం ఇచ్చిన హ్యూబర్డో వాళ్ళు 2011లో మూడో పిక్‌తో తీసుకుని పెంచుకున్నవాడు. కప్పు ఎత్తిన కెప్టెన్ బార్కోవ్ ఎవరు? 2013లో రెండో పిక్. వాళ్ళు మొక్కని అమ్మలేదు, కాయ కాశాక అమ్మారు.

నా వాదనకి ఎదురొచ్చే సంగతులూ ఉన్నాయి. దాచడం న్యాయం కాదు. పిక్కులు పోగేసుకుంటే చాలనుకుంటే బఫలోని చూడాలి. పద్నాలుగు సీజన్లుగా ప్లేఆఫ్స్ లేవు. 2015లో వాళ్ళు రెండో పిక్‌తో తీసుకున్న జాక్ ఐకెల్ చివరికి వేగస్‌కి వెళ్ళి అక్కడ కప్పు గెలిచాడు. మన ఇంట్లోనే చూద్దాం. 1991లో, జట్టు పుట్టిన ఏడే, రెండో పిక్‌తో పాట్ ఫాలూన్‌ని తీసుకున్నాం. మూడోవాడిగా వెళ్ళినవాడు, తర్వాత దిగ్గజమైన స్కాట్ నీడర్‌మయర్. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ పాత అభిమానులకి కడుపులో మండుతుంది. 219వ పిక్‌గా వచ్చి వెయ్యికి పైగా మ్యాచ్‌లు ఆడిన మీకు, నంబరే సర్వస్వం కాదని నేను చెప్పడమేమిటి!

కానీ 1997లో అదే రెండో పిక్‌తో వచ్చినవాడు పాట్రిక్ మార్లో. 2021లో గోర్డీ హోవ్ రికార్డు దాటి 1,779 మ్యాచ్‌లు ఆడాడు, అందులో అత్యధికం మన జెర్సీలోనే. ఆ మరుసటేడు కూడా మనకి రెండో పిక్ ఉంది. అప్పుడు మనవాళ్ళు ఒక తెలివైన పని చేశారు. నాష్‌విల్‌తో ఒక్క మెట్టు దిగి మూడోది పుచ్చుకుని, అదనంగా ఇంకో పిక్ రాబట్టి, బ్రాడ్ స్టువర్ట్‌ని తీసుకున్నారు. అతను ఏళ్ళ తరబడి మన డిఫెన్స్‌లో ఆడాక, 2005లో జో థార్న్‌టన్ కోసం బోస్టన్‌కి పంపిన ముగ్గురిలో ఒకడయ్యాడు. మన చరిత్రలో అంతకంటే మంచి బేరం లేదు. కాబట్టి అమ్మకం అనే మాటకే నేను విరోధిని కాను. మూడో పిక్ ఉన్న చికాగో ఒక్క మెట్టు మార్పిడికి బాగా చెల్లిస్తానని, మీకు నచ్చిన కుర్రాడు అప్పటికీ మిగిలే ఉంటాడని నమ్మకముంటే, కానివ్వండి. మెట్టు దిగడం వేరు, మెట్లు దిగి బయటికి నడవడం వేరు.

డిఫెన్స్ కావాలంటే వేరే సరుకు ఉంది. 30వ పిక్ ఉంది, 33వది ఉంది. నిరుడు 14, 42 కలిపి బఫలోకి ఇచ్చి 11కి ఎక్కి శామ్ డికిన్సన్‌ని తెచ్చారు. గోల్‌కీపర్ అస్కరోవ్ కోసం ఇచ్చిన మొదటి రౌండ్ పిక్ కూడా మన సొంతది కాదు, వేగస్ నుంచి వచ్చింది. ఈ విద్య మీకు బాగా తెలుసు. అదే చేయండి. అక్టోబర్‌లో రెండు మూడు మ్యాచ్‌లు తక్కువ గెలిచినా మేం సర్దుకుంటాం. ఇన్నాళ్ళూ చేసింది అదే కదా.

సాగినా అనే జూనియర్ జట్టులో 65 మ్యాచ్‌ల్లో 134 పాయింట్లు కొట్టిన మైకేల్ మీసా అయినా సరే, ఐలాండర్స్ మొదటి పిక్‌తో మాథ్యూ షేఫర్‌ని తీసుకోకుండా వదిలేస్తే అతనైనా సరే. ఎవరన్నది మీ స్కౌట్లు చూసుకుంటారు. అందులో నేను వేలు పెట్టను.

మా అమ్మాయి తొమ్మిదో పుట్టినరోజుకి జెర్సీ కొన్నాం. సెలెబ్రీని పేరు వేయిద్దామంటే, క్లాసులో అందరిదీ అదేనట, వద్దంది. వీపు మీద ఖాళీగా ఉంచి బీరువాలో పెట్టుకుంది. శుక్రవారం సాయంత్రం టీవీ ముందు కూర్చుని, మీరు ఎవరి పేరు పిలిస్తే ఆ పేరు వేయించుకుంటుందట.

ఇట్లు,
సెక్షన్ 219లో కూర్చునే ఒక తెనాలివాడు