బోర్డు మీద ఆ మాట తీసేయొద్దు నాన్నా

నాన్నా,

నిన్న డ్యూటీకి వెళ్లే హడావిడిలో ఫోన్లో సరిగా చెప్పలేకపోయాను, అందుకే కూర్చుని రాస్తున్నాను. మన వెల్డింగ్ షాపుకి కొత్త బోర్డు రాయిస్తున్నామని, దాని మీదుండే ఫ్యాబ్రికేషన్ అంటే ఇంగ్లీషులో అబద్ధమని ఎవరో అంటే తమ్ముడు ఆ మాట తీసేద్దామంటున్నాడని చెప్పావు. నీ గొంతులో బాధ తెలిసింది నాకు. ఆటోనగర్‌లో ఆ మాట కిందే ఇన్నేళ్లు కూర్చుని మమ్మల్ని చదివించావు మరి.

వాడు విన్నది తప్పేం కాదు. ఇక్కడ బర్మింగ్‌హామ్‌లో పెద్దవాళ్లని చూసుకునే కేర్ హోమ్‌లో చేరిన మొదటి వారం ట్రైనింగ్‌లో, రికార్డులు ఫ్యాబ్రికేట్ చేస్తే ఉద్యోగం పోతుందని చెప్పారు. అంటే అక్కడుండే ఓ మామ్మకి గ్లాసు కూడా అందించకుండా చార్టులో 200 మి.లీ. నీళ్లు తాగిందని రాసేయడం లాంటిది. నాకేమో ఆ మాట వినగానే మన షాపు, నిప్పురవ్వలు, రెడ్ ఆక్సైడ్ వాసన గుర్తొచ్చాయి. రికార్డుకీ దానికీ ఏం సంబంధమా అని రూముకొచ్చి డిక్షనరీ తీశాను.

లాటిన్‌లో ఫాబెర్ అంటే పనితనమున్న మనిషి, ముఖ్యంగా కమ్మరి లాంటివాడు, అతను పనిచేసే చోటు ఫాబ్రికా. అమ్మ జాకెట్టు ముక్క కొనేచోట ఫ్యాబ్రిక్ అంటారే, అదీ ఇక్కణ్నుంచే. ఇంకో సంగతి విను, కొలిమిని ఇంగ్లీషులో ఫోర్జ్ అంటారు, అదీ ఈ ఫాబ్రికా నుంచే ఫ్రెంచి మీదుగా వచ్చింది, దొంగ సంతకాన్ని మనం ఫోర్జరీ అంటున్నది ఆ కొలిమి పేరుతోనే! ఫిక్షన్ మాత్రం కమ్మరిది కాదు, కుమ్మరిది. మట్టిని మలచినట్టు మలచడం అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. కథలో మనిషైతే ఫిక్షనల్ అంటారు, లోన్ ఫారంలో లేని చిరునామా రాస్తే ఎక్కువగా ఫిక్టిషస్ అంటారు.

మనం మాత్రం వేరేగా ఉన్నామా? ఇల్లు కడతాం, అబద్ధమైతే కట్టుకథ అంటాం. బుట్ట అల్లుతాం, కథలూ అల్లుతాం. పేపర్లో కేసు బనాయించారని రాస్తారు, బనానా అంటే హిందీలో చేయడమేగా. అంతమాత్రాన బుట్టలల్లే వాళ్లని ఎవరూ అనుమానించరు.

తేడా వాడకంలోనే ఉంది. కథ, సాక్ష్యం, రికార్డు పక్కన ఈ మాట పడితే లేనిది పుట్టించారని అర్థం. మన శిక్షాస్మృతిలో 192వ సెక్షన్ అదే, తప్పుడు సాక్ష్యం ఫ్యాబ్రికేట్ చేయడం, 2024 జులై నుంచి కొత్త చట్టంలో 228 అయింది. స్టీల్, మెటల్ పక్కన పడితే ఇక్కడ కూడా అచ్చంగా నీ పనే, షెడ్ల మీద పెద్ద అక్షరాలతో రాసుకుంటారు. ఒక్కటే చూసుకోవాలి, చివర ఎస్ చేర్చి ఒట్టి ఫ్యాబ్రికేషన్స్ అంటే చదివేవాళ్లకి అబద్ధాలు అని తోచవచ్చు.

నువ్వు గేటు చేసేటప్పుడు నాలుగు మూలలా ముందు ట్యాక్, అంటే చిన్న చుక్క అతుకు, వేసి, టేపు ఈ మూల నుంచి ఆ మూలకి, మళ్లీ రెండో వైపు పట్టి, రెండు కొలతలూ ఒకటైతేనే పూర్తి వెల్డింగ్ చేసేవాడివి. తర్వాత అతుకు మీద పేరుకున్న స్లాగ్ పెచ్చుని సుత్తితో కొట్టి, జాయింటు కనిపించాకే రంగు. ఒకసారి కుర్రాడు జాయింటు సందులో పుట్టీ నింపి రంగేస్తే మొత్తం గీకించి మళ్లీ చేయించావు, సాయంత్రం ఆరు దాటినా ఇంటికి రాలేదు, నేను టిఫిన్ డబ్బా పట్టుకొచ్చాను. నా కళ్లకి ఫ్యాబ్రికేషన్ అంటే అదే, ఏ డిక్షనరీ ఏం చెప్పినా.

పెయింటర్‌కి స్టీల్ ఫ్యాబ్రికేషన్ వర్క్స్ అని రాయమను, ఎస్ వర్క్స్‌కే. పాత రేకు తుక్కుకి వేయొద్దు, లోపల గోడకి పెట్టించు. అద్దాలు లేకుండా వెల్డింగ్ చూస్తున్నావని అమ్మ చెప్పింది, నాన్నా, అది మాత్రం మానెయ్.

నీ
చిన్నీ